కాటి సీను మధ్యలో లైట్లు ఆర్పేసినందుకు ఫిర్యాదు

మేనేజర్ గారికి,

విషయం: ఏప్రిల్ 16 రాత్రి హరిశ్చంద్ర నాటకాన్ని మధ్యలో ఆపేయడం, ఆపైన నాటక సమాజం డిపాజిట్టులో 5,000 రూపాయలు పట్టుకోవడం గురించి.

అయ్యా,

మా ఊరి పాత నాటకశాలను బాగుచేయించాక దాని నిర్వహణ మీ కంపెనీ చేతికి వచ్చింది. ఏప్రిల్ 16న, తెలుగు నాటకరంగ దినోత్సవం నాడు, అందులో మా ఊరి నాటక సమాజం హరిశ్చంద్ర ఆడింది. నేను వంద రూపాయల టిక్కెట్టు కొనుక్కుని మూడో వరసలో కూర్చున్నాను. హరిశ్చంద్రుడి కొడుకు లోహితాస్యుడి వేషం కట్టింది మా మనవడే, తొమ్మిదేళ్లవాడు.

కాటి సీను నడుస్తోంది. జాషువా గారి పద్యాలు అయ్యాయి, రెండింటికి వన్స్‌మోర్లు పడ్డాయి. పాము కరిచి చనిపోయిన కొడుకును చంద్రమతి చేతుల మీద తెచ్చి పడుకోబెట్టి పద్యం అందుకుంది. మూడో పాదంలో ఉండగా లైట్లు, మైకు, ఏసీ అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. కరెంటు పోయిందనుకున్నాం. తొమ్మిదిన్నర అయిందని మీ సూపర్‌వైజరు మెయిన్ దించేశాడని కాసేపటికి గానీ తెలియలేదు.

ఆ చీకట్లోనే హార్మోనిస్టు శ్రుతి వదలకుండా పట్టుకున్నాడు. చంద్రమతి పద్యం పూర్తిచేసింది. నాకు వినిపించింది గానీ, చివరి వరసలో కూర్చున్న మా వియ్యంకుడి గారికి ఒక్క ముక్కా అందలేదట. ఇది కూడా మీరు పట్టించుకోవాల్సిన సంగతే. నా చిన్నప్పుడు ఇదే హాల్లో మైకు లేకుండా పాడిన పద్యం గోడవారన నిలబడ్డవాళ్లకు సైతం ఆలాపనతో సహా వినిపించేది. పైన చెక్క కప్పు, దాని కింద వెంటిలేటర్లు ఉండేవి. ఇప్పుడు ఏసీ కోసం వెంటిలేటర్లకు ప్లైవుడ్ కొట్టారు, చెక్క కప్పు కనపడకుండా ఫాల్స్ సీలింగ్ వేశారు. బయట గోడలకు సున్నం, గుమ్మాలకు వార్నిషు చక్కగా వేయించారు, కాదనను. కానీ నాటకశాలకు ప్రాణం శబ్దమండీ. పోయింది అదే.

ఫోన్ల టార్చిలు వెలిగాక చూస్తే మా మనవడు స్టేజి మీద అలాగే పడుకుని ఉన్నాడు. చంద్రమతి లేపేదాకా కదలకూడదని వాడికి నేర్పారు. జనం అరుస్తున్నారు, కుర్చీలు చప్పుడవుతున్నాయి, సమాజం వాళ్లంతా మెయిన్ బోర్డు దగ్గరికి పరిగెత్తారు. ఈ గొడవలో పిల్లవాడి సంగతి ఎవరికీ తట్టలేదు. నేను స్టేజెక్కి ఒళ్లోకి తీసుకునేదాకా వాడు కళ్లు తెరవలేదు. చేతులు చల్లగా ఉన్నాయి. "తాతయ్యా, సీను అయిపోయిందా?" అనడిగాడు. లేదు నాన్నా అన్నాను. అంతకు మించి ఏం చెప్పాలో తోచలేదు.

బాల్కనీ నుంచి దిగే చెక్క మెట్ల మీద ఒక పెద్దావిడ కాలు తప్పితే వెనకనున్న కుర్రాడు పట్టుకున్నాడు. మెట్ల దగ్గర ఎమర్జెన్సీ లైటు బిగించి ఉంది గానీ వెలగలేదు. మూడొందల మంది ఉన్న హాల్లో చెప్పాపెట్టకుండా మెయిన్ దించమని ఆ మనిషికి ఎవరు చెప్పారు?

టైము దాటింది కాబట్టి ఆపేశామని మీ ఆఫీసులో జవాబిచ్చారు. ఒప్పందం సాయంత్రం అయిదున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా. మేకప్ గది తాళం తెచ్చిన మీ మనిషి వచ్చింది ఆరూ పదికి. అప్పటిదాకా హరిశ్చంద్రుడు, విశ్వామిత్రుడు, నక్షత్రకుడు గడ్డాలు, కిరీటాలు సంచుల్లో పట్టుకుని వరండాలో నిలబడ్డారు. ఆ నలభై నిమిషాలు ఎవరి ఖాతాలో వేస్తారు? పైగా "ఓవర్‌టైము" అని రాసి 5,000 రూపాయలు కోశారు. తొమ్మిదిన్నరకే కరెంటు తీసేసినప్పుడు ఓవర్‌టైము ఎక్కడిది?

పద్యనాటకాన్ని సినిమా ఆటలా నిమిషాలతో కొలిస్తే కుదరదు. వన్స్‌మోర్ అంటే మళ్లీ పాడాల్సిందే. హార్మోనియం మీద రాగం సాగితే సాగనివ్వాల్సిందే. తెల్లవార్లూ ఆడిన నాటకాన్ని మా వాళ్లు ఇప్పటికే మూడు గంటలకు కుదించుకున్నారు. 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు తన విద్యార్థులతో నాటకం ఆడించారు. మా సమాజంలో ఉన్నదీ అలా వృత్తి నటులు కానివాళ్లే. హరిశ్చంద్రుడు ఆర్టీసీ కండక్టరు, చంద్రమతి అంగన్‌వాడీ టీచరు. నాలుగు నెలలు డ్యూటీలు దిగి వచ్చి రాత్రిళ్లు రిహార్సల్సు చేశారు. డ్రెస్సుల అద్దె, హార్మోనిస్టు ఖర్చు, మీ హాలు బాడుగ అన్నీ చందాలు వేసుకుని కట్టారు.

నా టిక్కెట్టు డబ్బు నాకు అక్కర్లేదు. సమాజం దగ్గర పట్టుకున్న 5,000 మాత్రం పూర్తిగా వెనక్కివ్వాలి. ఆగిపోయిన నాటకాన్ని మళ్లీ ఆడుకోవడానికి ఒక రాత్రి బాడుగ లేకుండా హాలు ఇవ్వాలి. ఇకమీదట టైము ముగియడానికి అరగంట ముందు నిర్వాహకులకు చెప్పాలి. జనం బయటికి వెళ్లేదాకా మెయిన్ ముట్టుకోకూడదు. వెంటిలేటర్ల ప్లైవుడ్ తీయించి, పద్యనాటకం ఉన్న రోజు ఏసీ ఆపి ఫ్యాన్లు వేసే వీలు కల్పించండి. మెట్ల దగ్గర లైటు ఈ వారంలోనే బాగుచేయించండి, దానికి ఎవరి అనుమతీ అవసరం లేదు.

ఆగస్టు 2న రంగస్థల నటుడు బళ్లారి రాఘవ గారి జయంతి. సమాజం వాళ్లు ఆ రోజుకే హాలు అడగాలనుకుంటున్నారు. మా మనవడు అదే వేషం వేస్తానంటున్నాడు. ఈసారి మెయిన్ బోర్డు దగ్గర తాతయ్యే నిలబడాలట. ఆ అవసరం రాకుండా చూస్తామని పదిహేను రోజుల్లోగా సమాజం పేర రాతపూర్వకంగా జవాబివ్వండి.

ఇట్లు,
మూడో వరసలో కూర్చున్న ప్రేక్షకుడు,
లోహితాస్యుడి వేషం వేసిన పిల్లవాడి తాత