బర్బన్‌లో జపాన్ చెయ్యి

ఒరే మురళీ,

అమెరికాలో కెంటకీ రాష్ట్రపు బీమ్ కంపెనీ ఫ్రెడ్ నో, జపాన్ సంటోరీ కంపెనీ బ్లెండర్ (విస్కీలు కలిపే నిపుణుడు) షింజీ ఫుకుయో కలిసి చేసిన విస్కీ లెజెంట్‌లో జపాన్ విస్కీ ఎంత కలిపారని అడిగావు కదా. చుక్క కూడా లేదురా! ఉన్నదంతా కెంటకీ బర్బనే, అంటే అమెరికా మొక్కజొన్న విస్కీయే. జపాన్‌ది కలిపే పద్ధతి. 2014లో సంటోరీ బీమ్‌ని కొనేసింది, 2019లో ఈ బాటిల్ వచ్చింది.

బర్బన్‌కి అమెరికా చట్టం గట్టిది. గింజల్లో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. పీపాలో పోసేటప్పుడు ఆల్కహాల్ 62.5 శాతం దాటకూడదు. ఆ పీపా కొత్త ఓక్‌ది, లోపల కాల్చినది అయి తీరాలి. ఆ కాల్చిన చెక్కే వెనిల్లా, కారమెల్, రంగు, వగరు అన్నీ దండిగా ఇచ్చేస్తుంది.

జపాన్‌లో కథ వేరు. స్కాట్లాండ్‌లోలాగా కంపెనీలు ఒకదానికొకటి పీపాలు మార్చుకునే అలవాటు చాలాకాలం అక్కడ లేదు. బ్లెండర్‌కి ఎన్ని రుచులు కావాలో అన్నీ ఇంట్లోనే తయారు చేసుకోవాల్సి వచ్చేది. అందుకే 1923లో మొదలైన సంటోరీ వాళ్ల యమజాకి డిస్టిలరీలో రకరకాల ఆకారాల పాట్ స్టిల్స్ (విస్కీ బట్టీ పట్టే రాగి పాత్రలు) కనిపిస్తాయి, పీపాల్లోనూ అమెరికన్ ఓక్, షెర్రీ (స్పెయిన్ వైన్) పట్టినవి, మిజునారా (జపాన్ ఓక్) అని రకాలుంటాయి. నాకు ఎక్కువ ముచ్చటేసేది ఇదేరా, లేమిలోంచి ఇంత వైవిధ్యం పుట్టడం!

ఫుకుయో ఆ అలవాటునే కెంటకీ సరుకు మీద పెట్టాడు. బర్బన్‌లో కొంత రెడ్ వైన్ పీపాల్లోకి, కొంత షెర్రీ పీపాల్లోకి పంపి, తర్వాత రెండిటినీ మామూలు బర్బన్‌తో కలిపి 47 శాతం దగ్గర బాటిల్ చేశారు. మొత్తం షెర్రీలో పెట్టేస్తే పోలేదా అంటావేమో. కొత్త ఓక్ వగరు ముందే ఉంది, దాని మీద వైన్ చెక్క వగరు ఎక్కితే నాలుక పీక్కుపోతుంది. ఎండుద్రాక్ష వాసన మొక్కజొన్న తీపిని మింగేస్తుంది. ఆ రెండో పీపాలకి వెళ్లని మామూలు బర్బనే దానికి వెన్నెముక.

ఫోర్ రోజెస్ అనే కెంటకీ బర్బన్ కూడా చూడు. 2002లో జపాన్ కంపెనీ కిరిన్ చేతికి వచ్చింది. రెండు గింజల మిశ్రమాలు, ఐదు ఈస్టులు, వెరసి 10 రకాల బర్బన్ ఒకే చోట. ఆ పద్ధతి పాత యజమాని సీగ్రమ్ కంపెనీ కాలం నాటిది, కిరిన్ దాన్ని పోనివ్వలేదు.

నువ్వే కలిపి చూడాలంటే 50 శాతం దగ్గర ఉన్న బర్బన్ ఒకటి, షెర్రీ పీపాలో పెరిగిన సింగిల్ మాల్ట్ (ఒకే డిస్టిలరీలో చేసిన బార్లీ విస్కీ) ఒకటి తీసుకో. పొగ వాసన ఉన్నది వద్దు, అది వచ్చిందంటే ఇంకేదీ తెలీదు. మూడు గ్లాసుల్లో 50 మి.లీ. చొప్పున బర్బన్ పోసి, సిరంజీతో ఒకదానిలో 2, ఒకదానిలో 5, ఒకదానిలో 10 మి.లీ. మాల్ట్ కలుపు. వాసన చూడాల్సింది నీళ్లు కలిపి 20 శాతానికి దించాకే. 47 శాతం ఉన్నది 30 మి.లీ. అయితే 40 మి.లీ. నీళ్లు పడతాయి. దించకపోతే ముక్కుకి ఘాటు తప్ప ఏమీ అందదు. తెల్లగా మబ్బు పడితే పారబొయ్యకు, నీళ్లు పెరిగి నూనె లాంటి పదార్థాలు విడిపోతాయి, అంతే.

నచ్చిన పాళ్లు తేలాక, నీళ్లు కలపకుండా, చిన్న గాజు సీసాలో మెడదాకా నింపి రెండు వారాలు చీకట్లో పెట్టు. కలిపిన రోజు రెండూ విడివిడిగా తగులుతాయి కాబట్టి అప్పుడే తీర్పు చెప్పకు. ఏ పాళ్లు నిలబడ్డాయో రాయి.

నీ
శ్రీను