మృగశిర రాకముందే మేడ చూసుకో

విజయనగరం,
మే 14.

చిరంజీవి సౌభాగ్యవతి పద్మజను ఆశీర్వదించి మీ నాన్న వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. అక్కడ నీవు, అల్లుడుగారు, బుజ్జిగాడు క్షేమంగా ఉన్నారని తలుస్తున్నాను. ఉగాది తరువాత నీ గొంతు వినలేదు కనుక తలచుకోవడమే మిగిలింది.

మొన్న చిట్టి అత్త సింహాచలం చందనోత్సవానికి వెళ్లి వస్తూ మన విశాఖ ఇంటి దగ్గర ఆగిందట. పై వాటాలో పడకగది కప్పు పెచ్చులూడుతున్నదని, నీకు రెండుసార్లు చెప్పినా జవాబు లేదని, ఇక ఖాళీ చేద్దామనుకుంటున్నామని అక్కడ అద్దెకున్న మాస్టారి భార్య చెప్పుకున్నదట. అత్త మాటల్లో సగం తీసివేసినా, మిగిలిన సగం నాకు నిద్ర పట్టనివ్వడం లేదు.

పెచ్చులూడడాన్ని తేలికగా తీసుకోకమ్మా. సముద్రపు గాలిలోని ఉప్పు, శ్లాబులోకి దిగిన తేమ కలిసి లోపలి చువ్వను తుప్పు పట్టిస్తాయి. తుప్పుపట్టిన చువ్వ ఉబ్బి తన మీది కాంక్రీటును కిందికి నెట్టివేస్తుంది. పైపైన సిమెంటు మెత్తించి సున్నం కొట్టిస్తే వానలకు మళ్లీ రాలుతుంది. వదులైనదంతా కొట్టించి, చువ్వను వైరు బ్రష్షుతో మెరిసేదాకా రుద్దించి, తుప్పు పట్టనీయని పూత వేయించి, ఆ తరువాతే మాలు నింపించాలి. చువ్వ బాగా తినివేసి ఉంటే మేస్త్రీ మాటతో సరిపెట్టుకోక ఇంజనీరును పిలిపించు. శ్లాబు బరువు మోస్తుందని ఆయన అన్న తరువాత, డాబా తూములకు గోనెగుడ్డలు బిగించి, రెండంగుళాల నీరు ఒక పగలూ రాత్రీ నిలిపి, కింద చెమ్మ ఎక్కడ తేలుతుందో సుద్దముక్కతో గుర్తు పెట్టించు. పిట్టగోడ పగుళ్లలో రావి మొక్కలు మొలిచి ఉంటే వేళ్లతో సహా తీయించు. పైన కోసి వదిలేస్తే వేరు లోపల బలుస్తూనే ఉంటుంది.

ఇవి తెలియని పిల్లవు కావు. తెలిసినదానివి పలకకపోవడమే నన్ను కలవరపెడుతున్నది.

హుద్‌హుద్ తుఫాను నాడు ఏమి జరిగిందో నీకు పూర్తిగా చెప్పినట్టు లేను. 2014 అక్టోబరు 12, ఆదివారం. పొద్దుటి నుంచే గాలి గంటకు నూరు కిలోమీటర్లు దాటిపోయింది. ఊళ్లోని చెట్లన్నీ ఆకులు రాల్చుకుని మోడులయ్యాయి. మన వేపచెట్టు ఆకంతా డాబా మీద పడి తూములకు అడ్డం పడింది. పిట్టగోడ లోపల మోకాలి లోతు నీరు నిలిచింది. అప్పుడు పై వాటాలో బ్యాంకు ఉద్యోగి కుటుంబం ఉండేది, వాళ్లకు నెలల పాప. మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది. తుఫాను కన్ను మన మీదుగా వెళుతున్నదని ఎరుగక అందరూ వీధిలోకి వచ్చేశారు. మీ బుల్లి మావయ్య మాత్రం గెడకర్ర పట్టుకుని మేడెక్కి, రెండు తూములు పొడిచి, నీరు సుడి తిరిగి దిగిపోవడం చూసి, మెట్లు దిగుతుండగానే ఎదురుదిక్కు నుంచి గాలి విరుచుకుపడింది. మరో నాలుగు మెట్లు పైన ఉండి ఉంటే మావయ్య మనకు దక్కేవాడు కాదు. ఆ పాపను మీ అమ్మ రాత్రంతా మన వంటగదిలో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది. ఆ తరువాత రోజుల తరబడి కరెంటు లేక, ఫోన్లు పలకక, మా జాడ తెలియక బెంగళూరులో నీవెంత తల్లడిల్లావో గుర్తుందా? అందుకే తూములు జూన్‌లో ఒకసారి, దసరా ముందు మరొకసారి తప్పక తీయించమంటాను. మన తీరానికి పెద్ద గాలులు అక్టోబరు, నవంబరు నెలల్లోనే ఎక్కువ.

సంపు, పై ట్యాంకు కడిగించి మూతలు బిగించు. ఎర్తింగు గుంటలో ఈ ఎండలకు తేమ ఉండదు కనుక నీళ్లు పోయించు. కిటికీ గ్రిల్స్‌కు రెడాక్సైడ్ వేసి పైన రంగు వేయించు. సెప్టిక్ ట్యాంకులోకి మాత్రం ఏ మనిషినీ దింపనీయకు. రక్షణ సాధనాలు లేకుండా దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది, అది చాలక ఆ విషవాయువు క్షణాల్లో ప్రాణం తీస్తుంది.

2021లో కేంద్రం రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టం గోడలు, కప్పు, గొట్టాలు, వైరింగు మరమ్మతులను యజమాని మీదనే పెట్టింది. స్విచ్చులు, కిటికీ అద్దాల వంటివి అద్దెకున్నవారివి. లోపలికి వెళ్లాలంటే 24 గంటల ముందు తెలియజేయాలని కూడా ఉన్నది. చట్టం సరే, మాస్టారు ప్రతి నెలా ఐదో తేదీ దాటనీయని మనిషి, అటువంటివారు మళ్లీ దొరకరు. అద్దె మీద 30 శాతం మరమ్మతుల కింద ఆదాయపు పన్నులో ఎలాగూ మినహాయిస్తారు, ఆ సొమ్మునైనా ఇంటికని వేరే ఉంచు.

చేతిలో డబ్బు ఆడక ఫోను ఎత్తడం లేదేమోనని మీ అమ్మ అంటున్నది. అదే అయితే చెప్పు, ఈసారి మేస్త్రీ కూలి, సిమెంటు నేను చూసుకుంటాను, అల్లుడుగారితో అననవసరం లేదు. ఒంట్లో బాగోలేకపోతే అది ముందు చెప్పు, ఇల్లు తరువాత. వేళకు తింటున్నావా?

ముందు మాస్టారికి నీవే ఫోన్ చేసి, పని ఏనాడు మొదలవుతుందో చెప్పు. అంతవరకు ఆ గదిలో మంచం వేసుకోవద్దని, పిల్లలను పడుకోనీయవద్దని గట్టిగా చెప్పు. సూరి మేస్త్రీకి రోహిణి కార్తెలో వారం ఖాళీ ఉన్నదట. శుక్రవారంలోగా నాకు కబురు చేస్తే బయానా ఇచ్చి ఆపుతాను. నీవు రాలేకపోతే నేను వెళ్లి నిలబడి చేయిస్తాను, తాళంచెవులు ఎవరి దగ్గర ఉన్నాయో వ్రాయి.

ఆశీస్సులతో,
మీ నాన్న.