బడి గంట ఆగిన తరువాత

సంపాదకులు గారికి,

నమస్కారం. ఆటిజం గురించి పత్రికల్లో వచ్చే వ్యాసాలు చాలావరకు రెండు మూడేళ్ల పసిపిల్లల దగ్గరే ఆగిపోతున్నాయి. తొందరగా గుర్తించాలి, తొందరగా థెరపీ మొదలుపెట్టాలి అన్న మాట నిజమే. అయితే ఆ పిల్లలు పెద్దవాళ్లవుతారు, బడి అయిపోతుంది, ఆ తరువాత కాలేజీకో పనికో వెళ్లవలసి వస్తుంది. ఆ దాటే చోట ఏం జరుగుతుందో, ఆటిజం ఉన్న 19 ఏళ్ల కుర్రవాడి తండ్రిగా నేను చూసినంతవరకు రాయాలనిపించి ఈ ఉత్తరం.

మా అబ్బాయి కాలేజీలో చేరిన మొదటి వారంలో ఒకరోజు క్లాసు ముగిసినా బెంచీ మీద నుంచి లేవలేదు. లెక్చరరు వెళ్లిపోయారు, తోటివాళ్లు వెళ్లిపోయారు, వేరే బ్యాచి వచ్చి చుట్టూ కూర్చుంది. వీడు పుస్తకం మూసి, పెన్ను జేబులో పెట్టుకుని, గంట కోసం ఎదురుచూస్తున్నాడు. బడిలో ఉన్నన్నాళ్లూ గంట మోగితేనే లేచినవాడు. కాలేజీలో గంట కొట్టరని వాడికి ఎవరూ చెప్పలేదు, నాకూ తట్టలేదు. పాఠాలతో వాడికి ఇబ్బంది రాలేదు. వచ్చినదంతా ఇలాంటి వాటితోనే: గది మారిందంటూ నోటీసు బోర్డుకు అంటించిన కాగితం, క్యాంటీన్‌లో రొద, "ఎప్పుడైనా వచ్చి అడుగు" అని ఒక లెక్చరరు ఆప్యాయంగా అన్న మాట. ఆ ఎప్పుడైనా అన్నది ఏ రోజు, ఎన్ని గంటలకో తెలియక వాడు నెలల తరబడి ఆ గది వైపే వెళ్లలేదు.

నాకు బాధ కలిగించిన సంగతేమిటంటే, ఇవన్నీ బడివాళ్లకు ముందునుంచే తెలుసు. ఏ మార్పు ఉన్నా ముందురోజే చెప్పాలని, పరీక్షలో ప్రశ్న అర్థమైనా మొదటి వాక్యం రాయడానికి వాడికి పది నిమిషాలు పడుతుందని, మాట్లాడకుండా కూర్చుంటే అది మొండితనం కాదని వాడి టీచరుకు కొట్టినపిండి. ఆ తెలివిడంతా ఆమె దగ్గరే ఉండిపోయింది. కాలేజీకి చేరినవి మార్కుల జాబితా, డాక్టరు సర్టిఫికెట్. ఆటిజం అన్న మాట సర్టిఫికెట్‌లో ఉంటుంది గాని, గది మారితే ముందురోజే చెప్పాలన్న సంగతి అందులో ఉండదు.

బడికి తెలిసినది పిల్లవాడితో పాటు గడప దాటాలన్నదే నేను చెప్పదలచుకున్నది. అమెరికా చట్టం ప్రకారం ప్రత్యేక విద్య పొందే విద్యార్థికి 16 ఏళ్లు వచ్చేసరికి, బడి తరువాతి జీవితానికి సంబంధించిన లక్ష్యాలను అతడి కోసం విడిగా రాసే విద్యా ప్రణాళికలో చేర్చాలి; వాటి గురించి మాట్లాడుకునే సమావేశానికి విద్యార్థిని కూడా పిలవాలి. నా లెక్కలో 16 కూడా ఆలస్యమే, 14కే మొదలుపెడితే మేలు. విద్యార్థిని పిలవాలన్న నియమం మాత్రం బంగారం లాంటిది. ఇంట్లో మేము అలాంటి కాగితం ఒకటి రాసుకున్నప్పుడు, "శబ్దం పడదు" అని నేను రాసిన మాటను మా వాడు కొట్టేసి, "చెప్పకుండా వచ్చే శబ్దం పడదు" అని దిద్దాడు. పద్దెనిమిదేళ్లు పెంచిన నాకు ఆ తేడా తెలియదు. ఆ కాగితాన్ని ఎవరికి చూపాలి, అసలు తనకు ఆటిజం ఉందని ఎవరికి చెప్పాలి అన్న నిర్ణయం కూడా వాడిదే కావాలి.

కాగితంతోనే అంతా అయిపోదు. చేరబోయే కాలేజీని ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి, జనం ఉన్నప్పుడు ఇంకోసారి చూపించాలి. బస్సులో మొదట తోడు వెళ్లి, తరువాత వెనక సీటులో కూర్చుని, ఆపైన ఒంటరిగా పంపాలి. బడిలో ఉండగానే వారానికొక పూట నిజమైన పనిచోట గడిపితే, పని అంటే ఏమిటో మాటలతో చెప్పవలసిన అవసరం ఉండదు.

ఉద్యోగాల సంగతికి వస్తే, మొదటి అడ్డంకి ఇంటర్వ్యూయే. సెలవుల్లో ఒక చిన్న సంస్థలో డేటా ఎంట్రీ పనికి వెళ్లినప్పుడు "మీ గురించి చెప్పండి" అన్నారట. వీడు పుట్టిన తేదీతో మొదలుపెట్టి ఆరో తరగతి దాకా వచ్చేసరికి ఆపేశారు. టైపింగ్ పరీక్ష పెట్టనే లేదు. డెన్మార్క్‌లో ఆటిజం ఉన్న అబ్బాయికి తండ్రి అయిన థోర్కిల్ సొన్నె, ఆటిజం ఉన్నవారికి ఉద్యోగాలిచ్చేందుకు 2004లో స్థాపించిన స్పెషలిస్టెర్న్ సంస్థ, అభ్యర్థుల చేత లెగో బొమ్మల ముక్కలతో రోబోలు తయారు చేయించి, వారు పని చేసే తీరును గమనించే పద్ధతి తెచ్చింది. పనికి తీసుకునేటప్పుడు పనే చేయించి చూడటం అంత కష్టమేమీ కాదు. చేరాక మాట కూడా స్పష్టంగా ఉండాలి. "ఈ కాగితాలు ఒకసారి చూడండి" అంటే దిద్దమని మనకు అర్థమవుతుంది. మా వాడైతే చూసి తిరిగి ఇచ్చేస్తాడు.

ఆటిజం ఉన్నవారందరూ కంప్యూటర్ మేధావులనే భ్రమ ఒకటి ఈ మధ్య బయలుదేరింది. మాట రానివారు, రోజంతా తోడు కావలసినవారు కూడా ఉన్నారు. వారికి పక్కనే ఉండి పని నేర్పి, కుదిరినచోట మెల్లగా వెనక్కి తగ్గే జాబ్ కోచ్ కావాలి. కొందరికి ఆ తోడు ఎప్పటికీ అవసరమే.

లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు 1943లో ఆటిజంపై ప్రచురించిన వ్యాసంలోని 11 మంది పిల్లల్లో మొదటివాడు డొనాల్డ్ ట్రిప్లెట్. ఆయన కాలేజీ చదువు పూర్తి చేసి, సొంత ఊరి బ్యాంకులో దశాబ్దాల పాటు పనిచేసి, 2023లో కన్నుమూశారు. ఆ బ్యాంకులో ఆయన కుటుంబానికి వాటా ఉంది; అందరి ఇళ్లకూ బ్యాంకులు ఉండవు. అయినా తన తీరు ఎరిగిన మనుషుల మధ్య ఆయన పనిచేశారన్నది గమనించదగ్గ విషయం. 2006 నాటి ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడిక 24వ అధికరణ చదువులోనూ, 27వ అధికరణ ఉద్యోగంలోనూ అవసరమైన సర్దుబాట్లు చేయాలని చెబుతున్నాయి. కాలేజీలు, యాజమాన్యాలు దీన్ని ర్యాంపులు, లిఫ్టుల మాటగానే చదువుకుంటున్నాయి.

మా అబ్బాయి రాసుకున్న కాగితాన్ని చివరికి ఆ లెక్చరరు గారికే ఇచ్చాడు. ఆయన చదివి, "ఎప్పుడైనా" అన్న మాట మార్చి, బుధవారం 3 గంటలకు రమ్మన్నారు. ఇప్పుడు ప్రతి బుధవారం మూడింటికి ఐదు నిమిషాల ముందే వాడు ఆ గది బయట నిలబడి ఉంటున్నాడు.

ఇట్లు,
ఒక తండ్రి