కుడివైపు పన్ను సంగతి

చిరంజీవి సౌభాగ్యవతి స్వాతికి అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. నాన్నగారి మోకాలి నొప్పి కొంత తగ్గింది. చిక్కడపల్లిలో వానలు ఇంకా వదలలేదు. శేఖర్ బెంగళూరు వస్తున్నాడు కాబట్టి కందిపొడి, సకినాలు పంపుతున్నాను. సకినాలు గట్టిగా ఉన్నాయి, కుడివైపు నమలవద్దు.

మాధవి సీమంతంలో నువ్వు అన్నమంతా ఎడమ దవడతోనే నమిలావనీ, చల్లటి మజ్జిగ నోట్లో పోసుకోగానే బుగ్గ పట్టుకున్నావనీ పద్మ పిన్ని చెప్పింది. నేను అడిగితే నువ్వు మాట మార్చావు, ఆ తరువాత ఫోనే లేదు. ఈ ఏడాది పిల్లల కోసం అనుకుంటున్నారని కూడా పిన్నే చెప్పింది. నాకెంతో సంతోషంగా ఉంది, అందుకే ఆ పన్ను సంగతి ముందు తేల్చుకోమంటున్నాను.

మీ సరళత్తకు మధు కడుపులో ఉన్నప్పుడు, ఏడో నెలలో జ్ఞానదంతం దగ్గర చిగురు వాచి చీము పట్టింది. అంతకు ముందు నుంచీ సలుపుతూనే ఉన్నా, ఇల్లు మారే హడావుడిలో వాయిదా వేసుకుంటూ వచ్చింది. దవడ తెరుచుకోక, పెరుగన్నం పిసికి వేలితో లోపలికి తోసుకునేది. లవంగనూనె దూది పెడితే కాసేపు తిమ్మిరెక్కేది, మళ్ళీ మామూలే. బ్రూఫెన్ లాంటి మాత్రలు ఆ నెలల్లో వేసుకోకూడదు, పారాసెటమాల్‌కు ఆ నొప్పి లొంగలేదు. ఒక క్లినిక్‌వాళ్ళు గర్భిణి అనగానే కాన్పయ్యాక రమ్మన్నారు. చివరకు అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంతవైద్యశాలకు తీసుకువెళ్ళాం. వెల్లకిలా పడుకుంటే దానికి కళ్ళు తిరుగుతుంటే, కుడి తుంటి కింద దుప్పటి మడిచి పెట్టి, ఎడమవైపు ఒరిగేలా పడుకోబెట్టి, మత్తుసూది ఇచ్చి చీము తీశారు. అంతసేపూ అది నా చెయ్యి వదలలేదు.

గర్భంతో ఉండగా పంటివైద్యం చేయకూడదని కాదు. అవసరమైతే ఎక్స్‌రే కూడా తీస్తారు, నాలుగో నెల నుంచి ఆరో నెల వరకు పంటివైద్యానికి అనువైన కాలం. కానీ ఇప్పుడైతే మందులకు అంతగా వెనకాడనక్కరలేదు, కుర్చీలో ఎంతసేపైనా పడుకోగలవు. నెల తప్పాక హార్మోన్ల వలన చిగుళ్ళు వాచి రక్తం కారడం మామూలే. పళ్ళ మీద గార ఉంటే అది ముదురుతుంది. కడుపులో బిడ్డ తల్లి పళ్ళలోని సున్నం లాగేస్తుందని నానమ్మ అనేవారు గానీ, అది నిజం కాదు. వేవిళ్ళలో వాంతులతో వచ్చే ఆమ్లమే పంటి పైపొరను తినేస్తుంది. వాంతి కాగానే బ్రష్ చేయకుండా నీళ్ళతో పుక్కిలించాలి. పుచ్చుపళ్ళ క్రిములు రేపు నీ ఎంగిలి చెంచాతో బిడ్డ నోటికీ చేరతాయి.

కాబట్టి ఈ శనివారమే ఎక్స్‌రే తీయించుకో, పళ్ళు క్లీనింగ్ చేయించుకో. రూట్ కెనాల్ చేయాలంటే క్యాప్ వేసేదాకా పూర్తిచేయించుకో, నొప్పి తగ్గిందని మధ్యలో మానవద్దు. పిల్లల కోసం అనుకుంటున్నామని డాక్టరుగారికి ముందే చెప్పు. ఫోలిక్ ఆసిడ్ మాత్రల గురించి గైనకాలజిస్టును కూడా ఇప్పుడే అడుగు, అవి గర్భం రాకముందు నుంచే వేసుకోవాలి. డబ్బు సంగతి నాన్నగారు చూసుకుంటానన్నారు. అల్లుడుగారికి ఆఫీసు ఉంటే నేనే బయలుదేరి వస్తాను. అపాయింట్‌మెంట్ ఎన్ని గంటలకో ఫోన్ చేసి చెప్పు.

ఇట్లు,
మీ అమ్మ