పాటలు మిగిలాయి, చెప్పినవాళ్ల మాటలూ మిగలాలి

సంపాదకులకు నమస్కారం.

రేడియో అనౌన్సర్ అమీన్ సయానీ 2024 ఫిబ్రవరి 20న ముంబైలో కన్నుమూశారు. ఆయన వయసు 91. ఆ గొంతు గురించి అందరూ రాశారు. ఆ గొంతు చేసిన పని గురించి, ఆ పనికి ఇప్పుడు మన దగ్గర పట్టిన గతి గురించి నాలుగు మాటలు రాస్తున్నాను.

1952లో శ్రీలంకలోని రేడియో సిలోన్‌లో సయానీ నడిపిన హిందీ సినిమా పాటల కార్యక్రమం బినాకా గీత్‌మాలా మొదలయ్యే నాటికి ఆకాశవాణిలో సినిమా పాటకు చోటు కరువు. అప్పటి సమాచార శాఖ మంత్రి బి.వి. కేస్కర్‌కు సినిమా సంగీతం గిట్టేది కాదు. దాంతో జనం కొలంబో స్టేషన్ తిప్పుకున్నారు. బొంబాయిలో రికార్డు చేసిన టేపులు విమానంలో కొలంబో వెళ్లేవి. అక్కడి నుంచి బుధవారం రాత్రి షార్ట్‌వేవ్‌లో మన ఊళ్లకు వినిపించేవి. హిందీ అంతంతమాత్రంగా వచ్చిన తెలుగువాళ్లకు కూడా సయానీ మాట అర్థమయ్యేది. తల్లి కుల్సుమ్ సయానీ, గాంధీజీ ప్రోత్సాహంతో, కొత్తగా చదువు నేర్చుకున్నవాళ్ల కోసం ‘రహబర్’ పత్రిక నడిపారు. కుర్రతనంలో ఆ పత్రిక పనిలో సాయం చేసినందువల్లే తనకు తేలిక భాష అబ్బిందని ఆయన చెప్పుకునేవారు. 1957లో ఆకాశవాణి వినోద విభాగం వివిధభారతి పుట్టడానికి సిలోన్ పోటీ పెద్ద కారణం. చివరికి 1989లో గీత్‌మాలా కూడా వివిధభారతికే వచ్చింది.

పాట వేయడం ఒక్కటే ఆ ఉద్యోగం కాదు. ఎవరు రాశారు, ఎవరు బాణీ కట్టారు, ఎవరు పాడారు అన్నది చెప్పాలి. రేడియోలో కవి పేరు కూడా చెప్పాలని హిందీ సినిమా కవి సాహిర్ లూధియాన్వీ పట్టుబట్టారు. మన తెలుగు సినిమా పాటల కార్యక్రమం జనరంజని అనౌన్సర్లు ఆ పద్ధతి పాటించబట్టే, సినిమా హాలు మొహం చూడని ఇళ్లలో కూడా ఆత్రేయ, ఆరుద్ర, పెండ్యాల, సాలూరు పేర్లు అందరి నోళ్లలో నానాయి. ఇవాళ ఫోన్‌లో ఏ పాటైనా దొరుకుతుంది. రాసినవారి పేరు చాలాసార్లు కనపడదు. కొన్నిచోట్ల తప్పు పేరు ఉంటుంది. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

ఆకాశవాణి కేంద్రాల్లో ఈ పని చాలావరకు క్యాజువల్ అనౌన్సర్ల చేతుల మీదుగా నడుస్తోంది. ఏళ్ల తరబడి మైకు ముందు కూర్చున్నవాళ్లు ఉద్యోగ భద్రత కోసం కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. అలాంటివాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతుంటే వాళ్లకు తెలిసిన పాటల చరిత్ర కూడా వాళ్లతోనే పోతోంది. పాత పాటల కార్యక్రమానికి సబ్జెక్ట్ తెలిసిన మనిషి ఉండాలి. వరసగా పాటలు పెట్టి వదిలేస్తే అది కార్యక్రమం అనిపించుకోదు.

ప్రసార భారతి ఆర్కైవ్స్‌లో నాయకుల ప్రసంగాలు, సంగీత కచేరీలు ఉన్నాయి, సంతోషం. పాటకూ పాటకూ మధ్య మన తెలుగు అనౌన్సర్లు చెప్పిన మాటలకు కూడా అందులో చోటివ్వాలి. స్టేషన్‌లో టేపు చెరిపేసి ఉండొచ్చు. కానీ ఇంట్లో క్యాసెట్ల మీద రికార్డు చేసుకున్న శ్రోతలు ఉన్నారు. ఆ క్యాసెట్లు తీసుకుని, కాపీ చేసుకుని తిరిగి ఇచ్చే ఏర్పాటు హైదరాబాద్, విజయవాడ కేంద్రాలు చేస్తే చాలామంది ముందుకొస్తారు. రిటైరైన అనౌన్సర్లను పిలిచి, వాళ్ల జ్ఞాపకాలు వాళ్ల గొంతుతోనే రికార్డు చేయాలి. వాళ్లలో చాలామందికి వయసు మీద పడింది కనుక ఈ పని ఈ ఏడాదే మొదలుపెట్టాలని రెండు కేంద్రాల అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక రేడియో శ్రోత, తెనాలి