లైలా వైపు కథ

విశాఖపట్నం,
సెప్టెంబర్ 2022

ఒరేయ్ శీనూ,

ఇన్నాళ్ళూ ఉత్తరం రాయనందుకు తిట్టుకోకు. ఇల్లు మారాం, అమ్మకి మోకాళ్ళ నొప్పులు తగ్గాయి, బుజ్జిది బళ్ళో చేరింది. ఇక అసలు సంగతికొస్తా, ఆగలేకపోతున్నా!

డెరెక్ ట్రక్స్ రా, అమెరికా గిటారిస్టు! హాస్టల్లో నువ్వు "వీణ మింగినోడు" అని పేరు పెట్టావే, ఆ మనోడే. వాడూ వాళ్ళావిడా నడిపే టెడెస్కీ ట్రక్స్ బ్యాండ్ కొత్తగా "ఐ యామ్ ద మూన్" చేసింది. జూన్ నుంచి ఆగస్టు దాకా నాలుగు ఆల్బమ్‌లు, 24 పాటలు.

దీని పుట్టుక విను. 1970లో ఇంగ్లండు గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ "డెరెక్ అండ్ ద డామినోస్" పేరుతో లైలా ఆల్బమ్ చేశాడు కదా, డ్యుయేన్ ఆల్మన్ స్లైడ్ గిటారు (వేలికి గొట్టం తొడిగి తీగల మీద జార్చి వాయించేది) వాయించింది. ఆ బ్యాండు పేరే 1979లో పుట్టిన మనోడికి పెట్టారు. వాళ్ళావిడ సూసన్ టెడెస్కీ పుట్టిందెప్పుడో తెలుసా? ఆ ఆల్బమ్ విడుదలైన రోజునే, 1970 నవంబర్ 9న! 2019లో ఇద్దరూ కలిసి ఆ ఆల్బమ్ మొత్తం వేదిక మీద వాయించారు. ఇంతలో కరోనా, ఎక్కడివాళ్ళక్కడ ఇళ్ళల్లో. అప్పుడు బ్యాండులో పాడే మైక్ మాటిసన్, దాని వెనకున్న పారసీ కవి నిజామీ రాసిన లైలా మజ్ను కావ్యమే చదువుదాం అన్నాడట. పన్నెండో శతాబ్దంది. చదివాక పుట్టిన ప్రశ్నరా ఇది: మజ్ను గోడు అందరూ పాడారు, మరి లైలా ఏమనుకుంది? ఇంట్లో కట్టడి చేశారు, ఇంకొకడికిచ్చి పెళ్ళి చేశారు. చిన్నప్పట్నుంచీ వింటున్న కథే, మనమెప్పుడైనా అడిగామా? నాకైతే ఒళ్ళు జలదరించింది. మా అక్క గుర్తొచ్చింది... సరే, అది కలిసినప్పుడు చెప్తా.

గిటారు సంగతి చెప్పనేలేదు! "పసాక్వాన్" అని మాటల్లేని ముక్క ఒకటుంది, పన్నెండు నిమిషాలు. ఉంగరం వేలికి గాజు గొట్టం, పిక్ లేదు, ఒట్టి వేళ్ళే. బ్లూస్ స్లైడ్ వాయించే ఎల్మోర్ జేమ్స్, డ్యుయేన్ దగ్గర మొదలైనవాడు అలీ అక్బర్ ఖాన్ సరోద్ దాకా వెళ్ళాడు, 2006లో నుస్రత్ ఫతే అలీ ఖాన్ ఖవ్వాలీని గిటారు మీదికి తెచ్చాడు. అదంతా ఇందులో ఊరింది. స్వరం మీద నేరుగా దిగడు; కింద నుంచి జారుతూ వచ్చి, అంచున ఊగి, అప్పుడు నిలుస్తాడు. మీ పెద్దమ్మగారు తోడిలో గాంధారాన్ని ఊపుతుంటే మనం అన్నం తినడం ఆపేవాళ్ళం చూడు, సరిగ్గా అలాగే ఆగిపోయానురా. మూడో ఆల్బమ్ మాత్రం మొదట నాకెక్కలేదు. నాలుగోది విన్నాకే దాని అవసరం తెలిసింది. ఎందుకంటే అక్కడ సూసన్ గొంతు...

అదిగో, కంపెనీ బస్సు హారన్ కొడుతున్నాడు. పసాక్వాన్ ముందు విను, విన్న రాత్రే రాయి.

నీ
రాంబాబు