సీట్లు పెంచొద్దు మంత్రి గారూ, ముందు మమ్మల్ని గేటు దాకా చేర్చండి

తెలంగాణ క్రీడా శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను తార్నాకలో ఉంటాను. ప్రైవేటు ఉద్యోగం. ఆదివారం పొద్దున ఫుట్‌బాల్ ఆడతాను, మిగతా వారమంతా దాని గురించే మాట్లాడతాను. మన ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో పుట్టినప్పటి నుంచి ఆ జట్టు అభిమానిని. ఇప్పుడు మాకు ఆ జట్టు లేదు. 2025లో సామాన్లు సర్దుకుని ఢిల్లీ వెళ్ళిపోయింది, పేరు కూడా స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయిపోయింది. మా ఇంట్లో మూడు పసుపు జెర్సీలు ఉన్నాయి, వాటిని ఏం చేయాలో మాకు తెలియడం లేదు.

ఈ ఉత్తరం రాయడానికి కారణం మాలో మాకు నడుస్తున్న ఒక గొడవ. 2025 డిసెంబరు 13న మెస్సీ ఉప్పల్‌కి వచ్చారు, ముఖ్యమంత్రి గారు స్వయంగా జెర్సీ వేసుకుని మైదానంలోకి దిగారు, స్టేడియం జనంతో ఊగిపోయింది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఆట అయ్యాక చాయ్ దగ్గర ఇదే చర్చ. సగం మంది అనేది ఏమిటంటే, ఇంత జనం వచ్చారంటే ఈ ఊరికి ఫుట్‌బాల్ పిచ్చి ఉన్నట్టే కదా, ఒక 60 వేల సీట్ల స్టేడియం కట్టాలి, లేదంటే గచ్చిబౌలి స్టేడియాన్నైనా పెంచాలి, పెద్ద స్టేడియం ఉంటే పెద్ద క్లబ్బు అదే వస్తుంది అని. మిగతా సగం అడిగేది ఒక్కటే, గచ్చిబౌలిలో ఉన్న 30 వేల సీట్లు మన సొంత జట్టు ఆడినప్పుడు ఎన్నిసార్లు నిండాయి?

నేను ఆ రెండో సగంలో మనిషిని. మొదటివాళ్ళ మాట వినడానికి బాగుంటుంది, శంకుస్థాపనకు కూడా బాగుంటుంది, అందుకే ముందు మీ చెవిన పడేది అదేనని నా భయం.

మెస్సీని చూడటానికి వచ్చినవాళ్ళు మెస్సీ కోసం వచ్చారు. అందులో తప్పేమీ లేదు, నేనూ వెళ్ళేవాణ్ణే, టికెట్ ధర నా వల్ల కాలేదు. కానీ జీవితంలో ఒక్కసారి వచ్చే రాత్రికీ, నవంబరు నుంచి మార్చి దాకా పదిహేను రోజులకోసారి వచ్చే మామూలు మ్యాచ్‌కీ చాలా తేడా ఉంది. క్లబ్బు బతికేది ఆ మామూలు మ్యాచ్ మీద. ఆ రోజు ఆఫీసు నుంచి వచ్చి, పిల్లల్ని తీసుకుని, గేటు దాకా వెళ్ళి, ఆట చూసి, తెల్లారి స్కూలు ఉంది కాబట్టి పదిన్నరకల్లా ఇంటికి చేరగలమా అన్నదే లెక్క.

ఆ లెక్క ఎలా ఉండేదో చెప్తాను. 2019 నవంబరు 2, గచ్చిబౌలిలో మా జట్టు మొట్టమొదటి మ్యాచ్, ఎదురుగా కేరళ బ్లాస్టర్స్. కేరళ జెర్సీ కూడా పసుపే కాబట్టి స్టాండ్‌లో ఎవరు మనవాళ్ళో ఎవరు వాళ్ళవాళ్ళో అరిస్తే తప్ప తెలియలేదు. రాహుల్ గోల్‌తో వాళ్ళు ముందుకెళ్ళారు, స్టాంకోవిచ్ పెనాల్టీతో సమం చేశాం, చివరి పది నిమిషాల్లో మార్సెలీన్యో ఫ్రీకిక్ అడ్డుగా నిలబడ్డ ఆటగాళ్ళ మీదుగా వెళ్ళి వలలో పడింది. 2-1. నా పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని పెద్దాయన నన్ను గట్టిగా కౌగిలించుకున్నాడు, ఆయన చేతిలోని పల్లీలన్నీ నా ఒళ్ళో పడ్డాయి. ఆ పల్లీలు ఇప్పటికీ గుర్తే.

తర్వాత బయటికి వచ్చాం. రాత్రి ఏడున్నరకు మొదలైన మ్యాచ్ తొమ్మిదిన్నరకు అయింది. ఆటో లేదు, క్యాబ్ బుక్ చేస్తే ఇద్దరు డ్రైవర్లు రద్దు చేశారు, మూడో అతను వచ్చేసరికి పదిన్నర. ఇల్లు చేరేసరికి పన్నెండు కావస్తోంది. నాతో వచ్చిన మా అక్క, ఆమె కొడుకు మళ్ళీ గచ్చిబౌలికి రాలేదు. జట్టు నచ్చక కాదు, ఆ రాత్రి అలసటకు భయపడి. అక్కడ మనం పోగొట్టుకున్నది రెండు సీట్లు. అలాంటి అక్కలు ఎంతమంది ఉండి ఉంటారు?

ఆ నెలాఖరుకే రాయదుర్గం దాకా మెట్రో వచ్చింది, సంతోషించాం. తార్నాకలో ఎక్కితే ముప్పావు గంటకు పైగా ప్రయాణం, అక్కడ దిగాక స్టేడియానికి ఇంకా నాలుగైదు కిలోమీటర్లు. ఒక విషయం గమనించండి మంత్రి గారూ. అదే నీలం లైనులో ఇటు చివర, ఉప్పల్ క్రికెట్ స్టేడియానికి దగ్గర్లో ఒక స్టేషన్ ఉంది, దాని పేరే 'స్టేడియం'. క్రికెట్ అభిమాని రైలు దిగి నడిచి వెళ్తాడు. ఫుట్‌బాల్ అభిమాని అదే రైలులో ఆ చివరి దాకా వెళ్ళి, దిగి, ఆటోవాడిని బతిమాలుకోవాలి. క్రికెట్ మీద నాకేమీ కోపం లేదు. దారి ఉంటే జనం వస్తారనడానికి రుజువు మన ఊళ్ళోనే, అదే లైను మీదే ఉందని చెప్తున్నానంతే.

ఇక లోపలికి వెళ్తే రన్నింగ్ ట్రాక్. గచ్చిబౌలి స్టేడియం 2003 ఆఫ్రో-ఏషియన్ క్రీడలు జరిగిన చోటు, పరుగు పందేల స్టేడియం అది, దాని పని అది బాగానే చేసింది. కానీ ఫుట్‌బాల్‌కి వచ్చేసరికి టచ్‌లైన్‌కీ మొదటి వరుసకీ మధ్య ఆ ట్రాక్ అడ్డం. గోల్‌పోస్ట్ వెనక కూర్చుంటే అవతలి గోల్ దగ్గర ఎవరు కొట్టారో పెద్ద తెర చూసి తెలుసుకోవాలి. 30 వేల సీట్లలో నాలుగు వేల మంది కూర్చున్నారనుకోండి, ఎంత అరిచినా ఆ అరుపు గాల్లో కలిసిపోతుంది, టీవీలో ఖాళీ సీట్లే కనిపిస్తాయి, చూసినవాడు 'హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ ఎవరు చూస్తారు' అంటాడు. అదే నాలుగు వేల మందిని పది వేల సీట్లలో, లైనుకు నాలుగు గజాల దూరంలో కూర్చోబెడితే ఎదుటి జట్టు గోల్‌కీపర్‌కి చెమటలు పడతాయి. జనం అంతే, అరుపు అంతే, గ్రౌండ్ వేరు.

ఈ మాట నా ఒక్కడి బుర్రలో పుట్టింది కాదు. ఇటలీలో యువెంటస్ లాంటి క్లబ్బు 1990 ప్రపంచకప్ కోసం కట్టిన డెల్లే ఆల్పీలో ఆడేది, 69 వేల సీట్లు, చుట్టూ ట్రాక్. 2001-02 సీజన్‌లో అక్కడ ఒక కప్ మ్యాచ్‌కి వచ్చినవాళ్ళు 237 మంది. దేశమంతా అభిమానులున్న క్లబ్బు అది! చివరికి దాన్ని పడగొట్టి, అదే చోట ట్రాక్ లేకుండా 41 వేల సీట్లతో 2011లో కొత్తది కట్టుకున్నారు, అప్పటి నుంచి స్టాండ్లు కిటకిటలాడుతున్నాయి. అంత దూరం ఎందుకు, కోల్‌కతా సాల్ట్‌లేక్‌లో 1997లో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ సెమీఫైనల్‌కి లక్షా 31 వేల మందికి పైగా వచ్చారు. ఆ స్టేడియాన్నే 2017 అండర్-17 ప్రపంచకప్ ముందు మనిషికో కుర్చీ వేసి 70 వేల లోపుకి తగ్గించారు. కొచ్చి కలూరులోనూ అప్పుడే సీట్లు తగ్గించారు, పైగా ఆ స్టేడియం ముందే మెట్రో స్టేషన్ ఉంది. దేశంలో ఫుట్‌బాల్ ఎక్కువ చూసే రెండు ఊళ్ళూ సీట్లు తగ్గించుకుంటే, జట్టే లేని మనం పెంచుదామనుకోవడం ఏమిటి?

మా వాదనలో ఎదుటివాళ్ళకు బలమైన పాయింటు ఒకటుంది, దాన్ని దాచను. క్లబ్బు పోయింది స్టేడియం వల్ల కాదు, డబ్బు వల్ల. నిజమే. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో మళ్ళీ అదే కేరళ మీద, మళ్ళీ అదే రాహుల్ గోల్‌తో వెనకబడి, 88వ నిమిషంలో టవోరా కొట్టిన షాట్‌తో సమం చేసి, షూటౌట్‌లో మా గోల్‌కీపర్ కట్టిమణి మూడు షాట్లు ఆపితే ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు గెలిచాం. ఆ తర్వాత రెండేళ్ళలో జీతాలు అందక ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు, 2023-24లో ఒకే ఒక్క మ్యాచ్ గెలిచి అట్టడుగున నిలిచాం. యజమానులు మారారు, ఊరు కూడా మారింది. కానీ ఒక్కటి చూడండి, మేం ఛాంపియన్లయిన ఆ సీజన్‌లో కోవిడ్ వల్ల మ్యాచ్‌లన్నీ గోవాలోనే జరిగాయి, సొంత ఊళ్ళో ఒక్కటి కూడా ఆడలేదు. కప్పు ఇంటికి వచ్చాక ఆ వేడి మీద జనాన్ని స్టేడియానికి అలవాటు చేయాల్సిన సమయంలో మన దగ్గర ఉన్నది దూరంగా, ట్రాక్ మధ్యలో, రాత్రి తొమ్మిదిన్నరకు ముగిసే ఆట. గేటు దగ్గర నాలుగు డబ్బులు వచ్చే క్లబ్బుని, పదివేల మంది కళ్ళ ముందున్న క్లబ్బుని, ఎవరూ అంత తేలిగ్గా మూట కట్టుకుని పోలేరు. ఇది నా గట్టి నమ్మకం.

ఇప్పుడు అసలు అడగాల్సింది అడుగుతాను. లాల్ బహదూర్ స్టేడియాన్ని ఫుట్‌బాల్‌కి తిరిగి ఇవ్వండి.

ఫతే మైదాన్ అని పాత పేరున్న ఆ స్టేడియానికీ ఫుట్‌బాల్‌కీ ఉన్న బంధం మీకు నేను చెప్పనక్కర్లేదు, అయినా చెప్పకుండా ఉండలేను. ఈ ఊరి సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ గెలిచింది. ఆ జట్టు కోచ్ రహీం సాబ్ దేశానికి 1951లో, 1962లో ఆసియా క్రీడల బంగారం తెచ్చారు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలబెట్టారు. అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం, పీటర్ తంగరాజ్, యూసుఫ్ ఖాన్, ఆ తర్వాత నయీముద్దీన్, హబీబ్, షబ్బీర్ అలీ, అందరూ ఇక్కడి గల్లీల్లో బంతి తన్నినవాళ్ళే. బలరాం, హబీబ్ ఇద్దరూ 2023లో ఆరు నెలల తేడాలో కన్నుమూశారు. మా నాన్న కుర్రతనంలో చిక్కడపల్లి నుంచి నడుచుకుంటూ వెళ్ళి లాల్ బహదూర్ స్టేడియంలో నిజాం గోల్డ్ కప్ మ్యాచ్‌లు చూసేవారు. బస్సు డబ్బులు మిగిల్చి వాటితో టికెట్ కొనేవారట.

మీ ప్రభుత్వం 2023 డిసెంబరు 7న ప్రమాణ స్వీకారం చేసింది కూడా అక్కడే. బతుకమ్మ అక్కడే, ఇఫ్తార్ అక్కడే. అంటే ఊరి నాలుగు మూలల నుంచి జనం అక్కడికి చేరగలరని అందరికీ తెలుసు. అసెంబ్లీ, నాంపల్లి మెట్రో స్టేషన్లు నడిచే దూరంలో ఉన్నాయి, నాంపల్లిలో రైల్వే స్టేషన్ కూడా ఉంది. బార్కస్ పిల్లలు, బొల్లారం పిల్లలు, ఎల్బీనగర్ వాళ్ళు, మియాపూర్ వాళ్ళు, అందరికీ మధ్యలో ఉన్న చోటు ఈ ఊళ్ళో అదొక్కటే. అక్కడ 12 వేలో 15 వేలో సీట్లతో, లైనుకు దగ్గరగా నాలుగు వైపులా స్టాండ్లతో, నిఖార్సైన ఫుట్‌బాల్ గ్రౌండ్ ఒకటి కట్టండి చాలు. సభలకు వేరే చోటు చూడండి, వేదికల గుంజలు దిగిన నేల మీద గడ్డి నిలవదు. నిండుతోంది, టికెట్లు దొరకడం లేదు అన్న రోజు పైన ఇంకో అంతస్తు వేయడానికి వీలుగా పునాది వేయమనండి. అప్పుడు సీట్లు పెంచమని నేనే ముందు నిలబడి అడుగుతాను.

అది కట్టేలోపు గచ్చిబౌలిలో మ్యాచ్ ఏదైనా పెడితే రాయదుర్గం స్టేషన్ నుంచి స్టేడియానికి, ఆట అయ్యాక తిరిగి స్టేషన్‌కి బస్సులు వేయించండి, మ్యాచ్ టికెట్టే బస్సు టికెట్ చేయండి. ఆదివారం ఆట సాయంత్రం ఐదింటికి పెట్టమని నిర్వాహకులకు చెప్పండి. తాగే నీళ్ళు, ఆడవాళ్ళకు శుభ్రమైన టాయిలెట్లు ఎవరూ అడగకముందే ఉండాలి. 2024 డిసెంబరు 31 రాత్రి రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ ఫైనల్ గచ్చిబౌలిలోనే జరిగింది, బెంగాల్ ఆటగాడు రోబి హన్స్‌దా ఇంజూరీ టైమ్‌లో గోల్ కొట్టాడు, కానీ న్యూ ఇయర్ రాత్రి కదా, దారిలో ఎక్కడ ఫ్లైఓవర్ మూస్తారో అన్న టెన్షన్‌తో మా వాళ్ళు కొందరు అప్పటికే లేచి వెళ్ళిపోయారు. ఫైనల్ మ్యాచ్‌లో ఒకే ఒక్క గోల్, దాన్ని చూడలేకపోయారు పాపం.

ఇంకొకటి. కొత్త క్లబ్బు వస్తే గ్రౌండ్‌ని ఏడాదికోసారి కాకుండా పదిహేను, ఇరవై ఏళ్ళకు లీజుకివ్వండి, బదులుగా ఊరు వదిలి వెళ్ళకూడదని రాయించుకోండి, ఆడపిల్లల జట్టు కూడా ఉండాలని రాయించుకోండి. నిజామాబాద్ తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య 2024-25లో దేశంలోనే ఉత్తమ మహిళా ఫుట్‌బాల్ క్రీడాకారిణి. ఆమె దేశ మహిళల లీగ్ గెలిచింది కోల్‌కతా జట్టు ఈస్ట్ బెంగాల్‌తో. మన పిల్ల ఆట మన ఊళ్ళో, నిండిన స్టాండ్ ముందు చూసే రోజు మాకు కావాలి.

మొన్న ఇవన్నీ ఇంట్లో చెప్తుంటే నాన్న విన్నారు. డెబ్బై దాటాయి, మోకాళ్ళ నొప్పి, గచ్చిబౌలికి ఎన్నిసార్లు పిలిచినా రాలేదు. లాల్ బహదూర్ స్టేడియం అనేసరికి పేపరు పక్కన పెట్టి, "అసెంబ్లీ స్టేషన్‌లో లిఫ్ట్ ఉంటుంది కదరా?" అని అడిగారు. ఉంటుందని చెప్పాను. "అయితే నువ్వు ఆఫీసు నుంచి నేరుగా వచ్చేయ్, నేను మెట్రోలో వస్తాను" అన్నారు.

ఇట్లు,
తార్నాక నుంచి ఒక ఫుట్‌బాల్ అభిమాని